ఆకలి ఏ భాషాభాగం?

ఏడో తరగతిలో ఒకరోజు మా ఇంగ్లీషు సారుకి పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. నౌన్, ప్రొనౌన్, వెర్బ్, యాడ్‌వెర్బ్, యాడ్జెక్టివ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. నిర్వచనాలతో సహా. సారు భుజం తట్టారు. అదే పూట, భోజనం బెల్లుకి ముందు, అలా నీరసంగా ఉన్నావేంట్రా అని ఆయన ఇంగ్లీషులో అడిగితే, ‘సర్, టు మీ హంగర్ ఈజ్ కమింగ్’ అన్నాను. క్లాసంతా పడీ పడీ నవ్వింది. సారు కూడా నవ్వారు. పదో తరగతి పాసై బయటపడేదాకా నా పేరు ‘హంగర్’.

ఆ నవ్వు మీద నాకింకా కోపం ఉంది. ఎందుకంటే ఆ రోజు మా క్లాసులో గ్రామరు పాఠం చెప్పడానికి అంతకంటే మంచి వాక్యం దొరికేది కాదు. ‘నాకు ఆకలేస్తోంది’ అన్నప్పుడు ఆకలి నామవాచకం. అదొచ్చి నా మీద పడుతుంది, నేను ‘నాకు’ అంటూ పక్కన నిలబడతాను. ఇంగ్లీషువాడికి ‘ఐ యామ్ హంగ్రీ’. అక్కడ కర్త నేనే, ఆకలి నా విశేషణం. అదే కడుపు, అదే మంట, రెండు భాషల్లో రెండు భాషాభాగాలు. ఈ ముక్క చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఎవరూ చెప్పలేదు. ఎనిమిది పేర్లు మాత్రం ఏటా చెప్పారు.

అసలు ఎనిమిదే అని ఎవరన్నారు? క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో డయొనీసియస్ థ్రాక్స్ పేరు మీద ఉన్న గ్రీకు వ్యాకరణంలో ఎనిమిదే ఉన్నాయి, కానీ మన ఎనిమిది కాదు. అందులో ఆర్టికల్, పార్టిసిపుల్ ఉన్నాయి. ఇంటర్జెక్షన్ లేదు, యాడ్జెక్టివ్ నౌన్‌లోనే కలిసిపోయింది. లాటిన్‌లో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఆ పండితులు దాన్ని తీసేసి ఇంటర్జెక్షన్‌ని చేర్చారు. 1795లో లిండ్లీ మర్రే ఇంగ్లీషుకి తొమ్మిది లెక్కపెట్టాడు. మన ఇళ్లలో అట్టలూడిన రెన్ అండ్ మార్టిన్ ఎనిమిదంటుంది, ఆర్టికల్స్‌ని యాడ్జెక్టివ్స్ లోకి నెట్టేస్తుంది. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ప్రొనౌన్‌ని నౌన్‌లో ఒక రకం అంటుంది. మన వైపు చూస్తే యాస్కుడికి నాలుగు, తొల్కాప్పియానికి నాలుగు, మన తెలుగు వాచకాల్లో అయిదు. పదాల్ని ఎలా విభజించాలన్నది రెండు వేల ఏళ్లుగా తేలని తగువు. దాన్ని మనం ఎక్కం చేసి పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం.

పోనీ, ఆ నిర్వచనాలైనా నిలబడతాయా? పనిని తెలిపేది వెర్బ్ అట. మర్డర్ పని కాదా? ‘ద మర్డర్’ అంటే నౌన్ అయిపోయిందే! ‘నాకు తెలుసు’లో పనేముంది? ‘ఈజ్’లో ఏముంది? ఇక యాడ్‌వెర్బ్ అయితే ఇంటి అటక. ఎక్కడా ఇమడని సామానంతా అందులోకే. ‘నాట్’, ‘వెరీ’, ‘టుమారో’, ‘క్విక్లీ’ అన్నీ ఒకే జాతి అంటే ఏ పిల్లాడు నమ్ముతాడు? నమ్మడు, బట్టీ పడతాడు.

పదం అర్థాన్ని బట్టి దాని జాతి చెప్పలేం. వాక్యంలో ఎక్కడ నిలబడింది, ఏం తగిలించుకుంది అన్నది చూడాలి. మా అమ్మ బడి మెట్లెక్కలేదు. ‘వంటలు’, ‘వంటకి’ అంటుంది, ‘వండాను’, ‘వండావు’ అంటుంది. ‘వండుకి’ అని జీవితంలో ఒక్కసారి కూడా అనలేదు. అంటే నామవాచకానికీ క్రియకీ తేడా ఆవిడకి తెలుసు, ఆ పేర్లే తెలియవు. ఇంగ్లీషు కూడా అంతే. ‘ద వాటర్ ఈజ్ కోల్డ్’లో వాటర్ ముందు ‘ద’ ఉంది, నౌన్. ‘షి వాటర్డ్ ద ప్లాంట్స్’లో అదే వాటర్ ‘ఎడ్’ తగిలించుకుంది, వెర్బ్. ఇలా చూపిస్తే పిల్లలు తామే కనిపెడతారు.

ఇక్కడ ఇంకో గుంపు లేస్తుంది. గ్రామరెందుకండీ, మాట్లాడితే అదే వస్తుంది, మా పాప చూడండి, కార్టూన్లు చూసే నేర్చేసుకుంది అని. వచ్చే ఉంటుంది. ఆ ఇంట్లో అమ్మా నాన్నా ఇంగ్లీషులో పోట్లాడుకుంటారు, ఇంగ్లీషులోనే రాజీ పడతారు. చుట్టూ ఆ భాష వినిపించని ఇంటి పిల్లాడికి అది ఎక్కడి నుంచి వస్తుంది? గోడ ఎక్కాల్సినవాడికి నిచ్చెన కావాలి. గోడకి అవతలే పుట్టినవాళ్లు నిచ్చెన దండగంటే నవ్వొస్తుంది. నేను గ్రామరు వద్దనడం లేదు, గ్రామరే కావాలంటున్నాను. పేర్ల జాబితా ఇచ్చి అదే గ్రామరు అనుకోమంటే ఒప్పుకోను.

నిచ్చెన మన నోట్లోనే ఉంది. ‘బల్ల మీద’ అంటాం, ‘మీద’ తర్వాతొస్తుంది. ఇంగ్లీషులో ‘ఆన్’ ముందొస్తుంది. ప్రిపొజిషన్ అంటే ఇంతే! ‘ఇది మా ఇల్లు’లో క్రియే లేదు. అందుకే మన పిల్లాడు ‘దిస్ మై హౌస్’ అంటాడు. ‘రాను’లో కాదనడం క్రియ కడుపులోనే ఉంది, ఇంగ్లీషులో ‘నాట్’ విడిగా నిలబడాలి. ‘ద’కి సాటిగా మనకి కచ్చితమైన మాట లేదు. అందుకే డిగ్రీలు చదివినా దాని దగ్గర తడబడతాం. మన తప్పులకి కారణాలున్నాయి, ఆ కారణాలు తెలుగులో ఉన్నాయి. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడి, పిల్లాడి చేతిలోని ఒకే ఒక్క పనిముట్టు లాక్కుంటోంది. తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అని టీవీల్లో అరుచుకుంటాం. ఏ మీడియంలోనైనా జరుగుతున్నది ఈ వల్లెవేతే అని ఎవరూ అనరు.

మొన్న మా అక్క కూతురు హోంవర్కు పట్టుకొచ్చింది. గీత గీసిన పదం ఏ పార్ట్ ఆఫ్ స్పీచో రాయాలి. పదం ‘హంగ్రీ’. వెర్బ్ అని రాస్తే టీచరు ఎర్ర సిరాతో కొట్టేసింది. ‘మామయ్యా, ఆకలి వేస్తుంది కదా, మరి వెర్బ్ ఎందుకు కాదు?’ అని అడిగింది.

దాన్ని కూర్చోబెట్టి ఆకలి తెలుగులో ఎలా వస్తుందో, ఇంగ్లీషులో ఎలా ఉంటుందో చెప్పాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాడు క్లాసులో టీచరుకి చెప్పబోతే, ముందు ఎనిమిదీ అప్పజెప్పమందట.