బాకీ పాపం కాదు, వెట్టి పాపం



ఉదయగిరి, ఆత్మకూరు పక్క మన యానాదోళ్లు అడ్వాన్సు తీసుకుని పనిలో ఇరుక్కుంటే, బయటికి రమ్మన్నా రారు. "బాకీ ఎగ్గొడితే దేవుడు ఊరుకోడు" అంటారు. అది విని మనలో చదువుకున్నోళ్లు "భక్తే మనల్ని చెడగొట్టింది" అని తేల్చేస్తారు. రెండూ తప్పే.

1914లో, గాంధీ గారు దక్షిణాఫ్రికా నుంచి తిరిగి రాకముందే, ఛోటానాగపూర్‌లో జత్రా భగత్ అనే ఒరావ్ ఆదివాసీ యువకుడు దేవుడి పేరు మీదే తన జనానికి చెప్పాడు: సారా మానండి, జమీందారుకు వెట్టి చేయొద్దు. జైల్లో పెట్టారు. అయినా తానా భగత్‌లు కత్తి పట్టలేదు, శిస్తు కట్టలేదు. తర్వాత గాంధీ వెంట నడిచారు. అహింస మనకు ఎవరో నేర్పిన విద్య కాదు.

మన కలిగిరి మండలం దూబగుంట ఆడోళ్లు 1992లో సారా మా ఊళ్లో వద్దన్నారు. ఆ మాట జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది.

1976 చట్టం ప్రకారం వెట్టి బాకీ రద్దు. దాన్ని వసూలు చేసుకోవడమే నేరం. మరి పాపం ఎవరిది? తీర్చలేనోడిదా, మనిషిని తాకట్టు పెట్టుకున్నోడిదా?

అందుకే పెద్దోళ్ల నమ్మకాన్ని ఎగతాళి చేయొద్దు. గుడి ముందో చర్చిలోనో అందరం కలిసి ప్రమాణం చేద్దాం: వెట్టి చేయం, చేయనివ్వం. అక్కణ్ణుంచే అర్జీ పట్టుకుని ఆత్మకూరు ఆర్డీఓ ఆఫీసుకి నడుద్దాం. ఒక్కడు పోతే బెదిరిస్తారు. సంఘమంతా పోతే కుర్చీ వేస్తారు.