మంచం కింద బొమ్మలు బయటికి తియ్యండి

మన వాడల్లో బొమ్మలేసే పిల్లలు చాలామందే ఉన్నారు. పగలు ఆటో నడుపుతారు, గోడలకు రంగులేస్తారు, బళ్లో పాఠాలు చెబుతారు. రాత్రి అన్నాలయ్యాక ఓ గంటసేపు ఆయిల్ రంగులు ముందేసుకుని కూచుంటారు. వేసిన బొమ్మలేవిరా అంటే మంచం కిందికి చెయ్యి చూపిస్తారు. 'మనకింకా అంత రాలేదన్నా, కాలేజీలో నేర్చుకున్నోళ్లం కాదు గదా' అంటారు. అంత రాలేదని వీళ్లకు చెప్పిందెవరు? బొమ్మ చూసి చెప్పారా, వాడ పేరు విని చెప్పారా?

ఈ సందర్భంలో ఒక నల్ల సోదరుడి సంగతి చెప్పుకోవాలి. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరును తమ పేరు చేసుకున్నారు. అప్పట్నించీ అక్కడి నల్లవాళ్ల కవిత్వం, ఉపన్యాసాలు మనదాకా వస్తూనే ఉన్నాయి. బొమ్మలు వచ్చింది తక్కువ. రంగుల అచ్చు ఖర్చు ఒక కారణం. బొమ్మలో రాజకీయం ఏముంటుందిలే అనుకోవడం అసలు కారణం.

అతని పేరు హొరేస్ పిప్పిన్. 1888లో పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. హోటల్లో మూటలు మోశాడు, ఇనుప ఫ్యాక్టరీలో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 369వ రెజిమెంటులో చేరాడు. అది నల్ల సైనికుల రెజిమెంటు. వాళ్లను తెల్ల సైనికుల పక్కన నిలబెట్టడం ఇష్టం లేని అమెరికా సైన్యం ఆ రెజిమెంటును తీసుకెళ్లి ఫ్రెంచి సైన్యానికి అప్పగించింది. (వేరే గ్లాసు, వేరే బావి మనకు తెలుసు. వాళ్లకు వేరే రెజిమెంటు.) 1918లో జర్మన్ తూటా అతని కుడి భుజంలోంచి దూసుకుపోయింది. ఇక ఆ చెయ్యి పైకి లేవదు. పెన్షన్ ఇచ్చి పంపారు. అది చాలక భార్య జెన్నీ ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికేది. ఉతికిన మూటలు పిప్పిన్ ఇళ్లకు చేర్చేవాడు.

అలాంటి చేత్తో బొమ్మలు వేశాడు. మొదట ఇనప చువ్వను పొయ్యిలో ఎర్రగా కాల్చి, మోకాలికి ఆన్చి పట్టుకుని, దానికింద చెక్కను కదుపుతూ గీతలు కాల్చాడు. తర్వాత ఆయిల్ రంగులకొచ్చాడు. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని కుంచె కదిపేవాడు. యుద్ధం ముగిసి ఇంటికి మళ్లడం మీద వేసిన తొలి ఆయిల్ బొమ్మకు సుమారు మూడేళ్లు పట్టింది. పూత మీద పూత వేసి రంగును గోడ మట్టిలా మందం చేశాడు. చుట్టూ చట్రానికి తుపాకులు, గ్రెనేడ్లు, హెల్మెట్లు చెక్కి అంటించాడు. ఏ గురువూ అలా నేర్పడు. అయినా అది ఇవాళ ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది.

మన పిల్లలు వినాల్సింది దీని తర్వాతి సంగతి. ఆయన బొమ్మల్ని దాచుకోలేదు. సొంత ఊళ్లోనే షాపుల్లో పెట్టాడు. 1937లో చెప్పులు బాగుచేసే షాపు కిటికీలో ఉన్న బొమ్మ క్రిస్టియన్ బ్రింటన్ అనే విమర్శకుడి కంట పడిందని చెబుతారు. మరుసటి ఏడాదే న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం ఆయన బొమ్మలు నాలుగు ప్రదర్శనకు పెట్టింది. కాని వాటిని ముందు చూసింది మ్యూజియం వాళ్లు కాదు. తెగిన చెప్పు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లు చూశారు. చెప్పుల షాపులో బొమ్మ పెట్టడం తక్కువతనం అనుకునేవాళ్లు మన పత్రిక పాఠకుల్లో ఉండరనే మా నమ్మకం.

పేరొచ్చాక విమర్శకులు ఆయనకు తగిలించిన బిళ్ల 'ప్రిమిటివ్'. అంటే ఆదిమం, అమాయకం. మెచ్చుకుంటూనే కింద కూచోబెట్టడం. ఇక్కడ మనవాళ్లను 'జానపద ప్రతిభ', 'ఔత్సాహికుడు' అంటారు. అదే బిళ్ల. 1943లో ఆ 'అమాయకుడు' వేసిన 'మిస్టర్ ప్రెజుడిస్' చూడండి. యుద్ధ విజయానికి గుర్తయిన పెద్ద 'వి' అక్షరం. ఒకడు సుత్తితో దాని మధ్యలోకి మేకు దిగ్గొడుతుంటాడు. నల్ల సైనికులు ఒకవైపు, తెల్ల సైనికులు ఒకవైపు. ముసుగేసుకున్న క్లాన్ వాడు పక్కనే ఉంటాడు. హిట్లర్ మీద యుద్ధం చేస్తున్న దేశం ఇంట్లో ఏం చేస్తోందో ఒక్క బొమ్మలో పెట్టాడు. పిప్పిన్ 1946లో చనిపోయాడు. బాబాసాహెబ్ నల్ల మేధావి డ్యుబోయిస్ కు ఉత్తరం రాసిందీ ఆ ఏడాదే.

ఇక మన సంగతి. సైన్ బోర్డులు రాసిన చేతులు, సినిమా బ్యానర్లు వేసిన చేతులు 2000 తర్వాత ఫ్లెక్సీల దెబ్బకు ఖాళీ అయ్యాయి. వాళ్లలో కొందరు ఇప్పుడు తమకోసం తాము ఆయిల్ బొమ్మలు వేస్తున్నారు. ఎనామిల్ పెయింటు తెల్లారేసరికి ఎండిపోతుంది. ఆయిల్ రంగు అలా కాదు. రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది. ఇవాళ కూలినుంచొచ్చి గంట పనిచేసి ఆపితే, రేపు రాత్రికి మళ్లీ కలుపుకోవచ్చు. రోజంతా చేతిలో ఉన్నవాడికంటే గంట మాత్రమే ఉన్నవాడికి పనికొచ్చే రంగు ఇది.

ఒక సభకు అలాంటి కుర్రాడొకడు నాలుగు బొమ్మలు తెచ్చాడు. ఒకదాంట్లో వాళ్లమ్మ మిరపకాయలు కోస్తోంది. చేతిమీద పచ్చబొట్టు, అరిచేతుల మంట కూడా కనబడుతోంది. పెద్దలు చూశారు. 'బాగుంది గాని, బాబాసాహెబ్ ది పెద్దది ఒకటి వెయ్యి తమ్ముడూ, స్టేజీ వెనక కడదాం' అన్నారు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. కాన్వాసు ఊరికే వస్తుందా? అవిసె నూనె, టర్పెంటైను ఊరికే వస్తాయా? మైకువాడికి, షామియానావాడికి అడ్వాన్సు ఇచ్చే సంఘాలు బొమ్మలేసేవాడికి టీ పోసి పంపితే దాన్ని వెట్టి అనక ఏమంటాం? బాబాసాహెబ్ బొమ్మ వెయ్యాల్సిందే. ఆ అమ్మ బొమ్మా ఉండాల్సిందే.

ఆ అమ్మ ఒంటిరంగు అంత బాగా ఎలా కుదిరిందని అడిగాం. నల్ల ట్యూబు ముట్టనేలేదన్నాడు. బర్న్ట్ సియన్నా, అల్ట్రామెరైన్ నీలం కలిపి, వెలుగు పడే చోట కాస్త ఎరుపు. రంగుల కంపెనీలు 'ఫ్లెష్ టింట్' అని ఒక గులాబి ట్యూబు అమ్ముతాయి. ఎవరి ఒళ్లది ఆ రంగు? అమెరికాలో క్రేయోలా కంపెనీ 'ఫ్లెష్' అనే క్రేయాన్ పేరును 1962లోనే 'పీచ్' అని మార్చుకుంది. ఇక్కడ 1894లో రవివర్మ ప్రెస్సు మొదలైన కాలం నుంచీ తెల్లటి దేవతలు క్యాలెండర్లెక్కి గోడల మీద ఉన్నారు. ఎండలో మాడిన చర్మం మీద వెలుగు ఎట్లా పడుతుందో చూసినవాడే వెయ్యాలి, చూపించాలి.

ఇంకో మాట. అవిసె నూనె రంగు చీకట్లో ఉంచితే పసుపు తిరుగుతుంది. వెలుతురు తగిలితే ఆ పసుపు చాలావరకు పోతుంది. ఇది పోలిక కాదు, రసాయనం. ఎండిన బొమ్మల్ని మంచం కింద పెట్టొద్దు.

వచ్చే ఏప్రిల్ 14న ప్రతి వాడలో కమ్యూనిటీ హాలుకో, బడి వరండాకో, చెప్పుల షాపుకో బొమ్మలు తగిలించండి. కింద వేసినవాడి పేరు, వేసిన ఏడాది, ధర రాసిన చీటీ పెట్టండి. ధర రాయడానికి సిగ్గుపడొద్దు. రిబ్బను కత్తిరించడానికి కలెక్టరు గారి కోసం మధ్యాహ్నం దాకా కాచుక్కూచోవద్దు. పొద్దున్నే, కూలికి పోయే ఆడవాళ్లు బయల్దేరకముందే తలుపులు తియ్యండి.