రేడియేటరు ఎక్కడ ఉండాలి?

టెక్కలి నుంచి ఒక విద్యార్థి అడిగాడు: "మా అన్నయ్య ఆటల కోసం నీటితో చల్లబడే కంప్యూటరు తయారు చేసుకుంటున్నాడు. దాని రేడియేటరు, ఫ్యాన్లు పెట్టెలో ఎక్కడ బిగించాలి?"

జవాబు: మీ ఊరి పక్కగా జాతీయ రహదారి మీద లారీలు పోతుంటాయి గదా. లారీ ముందు భాగంలో రేడియేటరు, దాని వెనక ఫ్యాను ఉంటాయి. ఇంజను వేడిని నీరు రేడియేటరులోకి మోసుకువస్తుంది. ఆ వేడిని గాలి పట్టుకుపోతుంది. కంప్యూటరులోనూ జరిగేది ఇదే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కటానికి పట్టే వేడితో 3,000 లీటర్లకు పైగా గాలిని ఒక డిగ్రీ వేడి చేయవచ్చును. వేడిని మోయటంలో నీటికి అంత శక్తి ఉన్నది.

ఇప్పుడు ఒక సీసా నిండా నీరు పోసి, కొంచెం వెలితి ఉంచి మూత బిగించండి. దాన్ని ఎటు తిప్పినా గాలిబుడగ పైకే చేరుతుంది. కంప్యూటరు గొట్టాలలో కూడా కొంచెం గాలి ఉంటుంది. ఏళ్లు గడిచినకొద్దీ గొట్టాల గుండా నీరు కొద్దికొద్దిగా తగ్గి, బుడగ పెరుగుతుంది. పంపు సాధారణంగా ప్రాసెసరు మీది దిమ్మలోనే ఉంటుంది. రేడియేటరును పెట్టె అడుగున బిగిస్తే పంపే అన్నిటికన్నా ఎత్తున ఉండి, బుడగ దానిలో చేరుతుంది. అప్పుడు పంపు గరగరమంటుంది, నీరు సరిగా తిరగదు, చివరకు పంపు చెడిపోవచ్చు. కనక రేడియేటరు పైకొస అయినా పంపుకన్నా ఎత్తున ఉండి తీరాలి.

రేడియేటరుకు తగిన చోట్లు రెండున్నాయి. ముందువైపు బిగిస్తే బయటి చల్లగాలి మొదట దానికే తగులుతుంది. ప్రాసెసరుకు అది మంచిది. కాని వేడెక్కిన ఆ గాలే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మీదికి పోతుంది. పైకప్పుకు బిగిస్తే, ముందు ఫ్యాన్లు తెచ్చే చల్లగాలి కార్డుకు తగిలి, తరవాత రేడియేటరు గుండా పైకి పోతుంది. ప్రాసెసరు కొంచెం ఎక్కువ వేడిగా ఉంటుంది. ఆటలలో ఎక్కువ శ్రమపడేది సాధారణంగా కార్డే. అంచేత చాలామందికి పైకప్పే మేలు.

గాలి ముందునుంచి లోపలికి వచ్చి, వెనకనుంచి, పైనుంచి బయటికి పోవాలి. ఫ్యాను ఎటు ఊదుతున్నదీ తెలియాలంటే, బయట జాలీ దగ్గర సన్నని కాయితం ముక్క పట్టుకోండి. అది జాలీకి అంటుకుంటే గాలి లోపలికి పోతున్నట్టు. ఎగిరితే బయటికి వస్తున్నట్టు. తిరిగే ఫ్యానులో వేలు పెట్టకండి. పెట్టె విప్పే పని పెద్దవాళ్లది; అదీ కరెంటు తీగ ఊడదీసిన తరవాతనే.

"కుండలో నీరు గదికన్నా చల్లగా ఉంటుంది గదా, రేడియేటరులో ఉండదా?" అని మీరు అడగవచ్చు. ఉండదు. కుండ చెమరుస్తుంది, ఆ తడి ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది. రేడియేటరులో నీరు ఆవిరై చల్లబడే ఏర్పాటు లేదు. వేసవిలో గది 38 డిగ్రీలుంటే, ఆ నీరు అంతకన్నా చల్లబడదు. కనక కంప్యూటరును బీరువాలో పెట్టి మూయకండి. గోడకు జానెడు దూరంలో, గాలి ఆడే చోట ఉంచండి. నెలకొకసారి జాలీ మీది దుమ్ము దులపండి. జాలీ మూసుకుపోతే ఎంత మంచి రేడియేటరైనా పనిచేయదు.