సముద్రగర్భమును చదువువారు పెరుగవలెను

సుమారు 13 కోట్ల ఏండ్ల క్రిందట భారత భూభాగము అంటార్కిటికా నుండి విడివడుచుండగా, మన తీరమున నేల ఈశాన్య నైరృతి దిశగా చీలి, కొన్ని భాగములు క్రుంగి ద్రోణులై, కొన్ని నిలిచి గట్లై, ఆ ద్రోణులను యుగయుగముల బురదయు ఇసుకయు నింపగా రూపొందినదే కృష్ణా-గోదావరి బేసిన్. బాపట్ల గట్టు, తణుకు గట్టు అని శాస్త్రజ్ఞులు వ్యవహరించు ఆ భూగర్భ శిలలను కన్నులారా చూచినవారు లేరు. గురుత్వాకర్షణ కొలతలును, సైస్మిక్ సర్వేలును, అక్కడక్కడ త్రవ్విన బావులును చెప్పగా తెలిసికొన్నవారమే.

సైస్మిక్ సర్వే జరుగు విధమిది. సముద్రముపై సర్వే ఓడ, శ్రవణ యంత్రములు కూర్చిన కిలోమీటర్ల పొడవు తీగలను వెనుక లాగుచు, ఎయిర్ గన్నులతో సంపీడిత వాయువును నీటిలోనికి విడుచును. ఆ ధ్వని శిలాస్తరములను తాకి మరలివచ్చుటకు పట్టిన కాలమును యంత్రములు నమోదు చేయును. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును గనుక, రెండు సెకన్లకు మరలివచ్చిన ప్రతిధ్వని 1500 మీటర్ల లోతున అడుగు కలదని తెలుపును. ఆ అడుగునకు దిగువ ఒక్కొక్క శిలలో ఒక్కొక్క వేగమగుటచే గణితము జటిలమగును.

ఇట్లు సిద్ధించిన చిత్రమున ఒక భ్రంశమును, అనగా నేల చీలి జరిగినచోటును, పరికింతము. దూరమున పలుచగానున్న పొరలు భ్రంశమును సమీపించుకొలది దళసరియైనచో, అవి పేరుకొనుచున్న కాలముననే నేల క్రుంగుచుండెనని తెలియును. వానిపై పొరలు ఎచ్చటను తెగక పరచుకొనియున్నచో, చీలిక అప్పటికి శాంతించెనని గ్రహింతుము. అయినను ఈ చిత్రము సందేహాతీతము కాదు. లావా పొరలు అడ్డుపడినచోట వాని క్రింది రూపము మసకబారును. చిత్రములోని ఒకే రేఖను ఇద్దరు నిపుణులు రెండు విధముల చదువుటయు కలదు.

ఈ బేసిన్ సముద్రభాగమున 2002లో కనుగొనబడిన డి-6 క్షేత్రమున 2009లో గ్యాసు ఉత్పత్తి ఆరంభమై, కొలదికాలమునకే అంచనాలకు మిక్కిలి దిగువకు పడిపోగా, కారణములను గూర్చి ఆ గ్యాసు తీయు కంపెనీయు ప్రభుత్వమును వాదులాడుకొన్న సంగతి తెలుగువారెరిగినదే. అట్టి వాదములను నిష్పక్షపాతముగా తూచవలెనన్నచో, సర్వేల మూల సమాచారము చేతగల విద్వాంసులు ఉభయపక్షములకు వెలుపల ఉండి తీరవలెను. పైగా ఆ సైస్మిక్ చిత్రములలో చమురు జాడలే గాక, మీథేన్ హైడ్రేట్ల నిక్షేపములును, సముద్రపుటడుగున మట్టి జారిపడిన వాలులును, డెల్టా పెరిగిన క్రమమును గోచరించును. ఇవి తీరవాసుల క్షేమమునకు సంబంధించిన విషయములు.

2017లో కేంద్రము ఇట్టి సమాచారమునకై జాతీయ డేటా నిధిని నెలకొల్పుట హర్షణీయము. కాని నిధి యుండుట వేరు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థి బల్లపైకి ఆ రేఖలు వచ్చుట వేరు. వ్యాపార రహస్యమను ఆక్షేపణ న్యాయమైనదే. కోట్ల రూపాయలు వెచ్చించినవారికి కొంతకాలము ప్రత్యేకాధికారము ఉండవలసినదే. అందులకే నార్వే, ఆస్ట్రేలియా వంటి దేశములు నియత కాలము గడచిన పిమ్మట సర్వే సమాచారమును బహిరంగపరచుచున్నవి. గడువు తీరిన ప్రతి సర్వేయు మన విశ్వవిద్యాలయములకు ఉచితముగా అందునట్లు శాసనము చేయుట ప్రభుత్వ ధర్మము. దానిని చదువగల అధ్యాపకులను, కంప్యూటర్లను సమకూర్చుట విశ్వవిద్యాలయముల ధర్మము. ఈ రెండును జరుగువరకు పట్టు విడువక అడుగుట మన ధర్మము.