ఆదిలాబాద్ రోడ్లపై పికప్ బండి 15 ఏళ్లు నడుస్తుందా? నడుస్తుంది, లెక్క రాసుకుంటే!

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే సైట్‌లో పికప్ బండి గోల ఏంటి అనుకుంటున్నారా? కారణం సింపుల్. కొత్త ఫోన్ కొనాలంటే ఇంట్లో అందరూ మిమ్మల్నే అడుగుతారు కదా. ఇప్పుడు నాన్నో, బాబాయో పికప్ కొనాలన్నా మిమ్మల్నే అడుగుతున్నారు. "యూట్యూబ్‌లో చూసి చెప్పురా, ఏ బండి మంచిదో" అని. మనం వెంటనే హార్స్‌పవర్, మైలేజ్, టచ్‌స్క్రీన్ పక్కపక్కన పెట్టి పోల్చేస్తాం. నన్నడిగితే, స్పెక్ షీట్‌లో కనిపించని నంబరే అన్నిటికంటే ముఖ్యం: బండి ఎన్నేళ్లు నడుస్తుంది?

అసలు సంపాదన ఎప్పుడు మొదలవుతుంది?

పికప్ లోన్ మామూలుగా నాలుగైదేళ్లు ఉంటుంది. అప్పటిదాకా వచ్చే కిరాయిలో పెద్ద భాగం ఫైనాన్స్‌కే పోతుంది. చివరి కిస్తీ కట్టాకే డబ్బు ఇంట్లో నిలబడుతుంది. ఐదేళ్ల లోన్ అనుకుందాం. బండి ఏడేళ్లకే మూలపడితే కిస్తీ లేకుండా సంపాదించుకునేది రెండేళ్లు. అదే బండి 15 ఏళ్లు నడిస్తే పదేళ్లు. పిల్లల ఫీజులు, చెల్లి పెళ్లి, ఇంకో ఎకరం కౌలు... ఇవన్నీ ఆ పదేళ్లలోంచే రావాలి. ఫోన్ మూడేళ్లకు మార్చినా ఇల్లు గడుస్తుంది. బండి విషయంలో అలా కుదరదు.

15 ఏళ్లు అంటే ఎన్ని కిలోమీటర్లు?

రోజుకు 80 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు వేసుకోండి. ఏడాదికి 24,000, పదిహేనేళ్లకు 3,60,000 కిలోమీటర్లు. బాగా చూసుకున్న డీజిల్ ఇంజన్‌కు ఇది అందని నంబర్ కాదు. అమెరికాలోని లూసియానాలో ఒక 2007 మోడల్ టొయోటా టండ్రా పికప్ 2016 నాటికి పది లక్షల మైళ్లు, అంటే దాదాపు 16 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కంపెనీ నుంచి వచ్చినవే. రహస్యం ఏమీ లేదు, ఆ ఓనర్ వందసార్లకు పైగా టైముకు సర్వీస్ చేయించాడు.

అయితే ఆ బండి ఎక్కువగా హైవే మీద, ఒకే వేగంతో తిరిగింది. మన బండి పరిస్థితి వేరు. అందుకే కిలోమీటర్ల నంబర్ ఒక్కటే చూసి మోసపోవద్దు.

చట్టం కూడా అడ్డం కాదు. రవాణా బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మన దగ్గర వయసు చూసి ఆపేసే రూల్ లేదు. టెస్టు పాసైతే నడుపుకోవచ్చు. 15 ఏళ్లు దాటాక ఫీజులు మాత్రం గట్టిగా పడతాయి.

ఆదిలాబాద్ పెట్టే పరీక్ష

ఇక్కడ ఎండాకాలం 45 డిగ్రీల దాకా కాలుతుంది. చలికాలంలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల కిందకు పడిపోతుంది. పత్తి సీజన్‌లో బండి నల్లరేగడి చేలల్లోంచి, మట్టి బాటల మీదుగా మార్కెట్ యార్డుకు వస్తుంది. అక్కడ క్యూలో గంటల తరబడి ఇంచు ఇంచు కదులుతుంది. ఉట్నూరు, కెరమెరి వైపు పోతే ఘాట్ రోడ్లు.

కంపెనీ పుస్తకంలో సర్వీస్ గడువు రెండు రకాలుగా ఉంటుంది: మామూలు వాడకానికి ఒకటి, దుమ్ము, లోడు, తక్కువ దూరాలు ఉండే కఠిన వాడకానికి ఒకటి. మనది రెండోది. ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ గడువుకంటే ముందే చూడాలి. దుమ్ము మింగిన ఇంజన్ లోపల అరిగిపోతుంది, అది బయటికి కనపడదు.

రెండోది లోడు. బండి పేరులోనే 1.3 టన్నులు, 1.7 టన్నులు అని రాసి ఉంటుంది. పత్తి తేలికగా కనిపిస్తుంది కానీ తొక్కి నింపితే బరువు తెలియదు. ఇసుక, సిమెంటు అయితే చెప్పనక్కర్లేదు. "కమాన్ పట్టీ ఒకటి ఎక్కువ వేయిస్తే సరిపోతుంది" అనే మాట చాలా షెడ్డుల్లో వినిపిస్తుంది. పట్టీ బరువు మోస్తుందేమో గానీ బ్రేకులు, క్లచ్, బేరింగులు, ఛాసీ పాతవే కదా! కిరాయికి వంద ఎక్కువ వస్తుందని ఆశపడితే బండి ఆయుష్షులోంచి కట్ అవుతుంది.

మూడోది తుప్పు. వానకాలంలో ఛాసీకి పట్టిన నల్లమట్టి తడిని పట్టుకుని ఉంచుతుంది. పై బాడీ మెరిసేలా తుడిచి కింద వదిలేస్తే లాభం లేదు. కింద నుంచి నీళ్లు కొట్టి కడిగించండి, గ్రీజు పెట్టించండి.

కొత్త బండి, కొత్త జబ్బులు

2020 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లన్నీ బీఎస్6. డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది మసిని తనే కాల్చుకుని శుభ్రపడాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి. ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే ఆ వేడి రాదు, ఫిల్టర్ జామ్ అవుతుంది. అప్పుడప్పుడు 44వ నంబర్ హైవే మీద ఓ అరగంట ఒకే స్పీడులో నడిపితే చాలావరకు సమస్య ఉండదు. లైటు వెలిగినా పట్టించుకోకపోతే పవర్ తగ్గిపోతుంది, బిల్లు పెరిగిపోతుంది. ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించాలి.

ఇక్కడే మన పని మొదలవుతుంది. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ తక్కువ ధరకే దొరుకుతుంది. బండికి పెట్టి ఫోన్‌లో ఫాల్ట్ కోడ్ చదివితే మెకానిక్ దగ్గరికి చీకట్లో పోనక్కర్లేదు. ఒక్క మాట, కోడ్ డిలీట్ చేస్తే జబ్బు పోదు, లైటు ఆరుతుంది అంతే. దాంతో పాటు ఫోన్‌లో ఒక షీట్ పెట్టండి: తేదీ, కిలోమీటర్లు, డీజిల్ ఎంత, ఏం మార్చాం. మైలేజ్ నెమ్మదిగా పడిపోతుంటే అందులో ముందే కనిపిస్తుంది. అమ్మేటప్పుడు కూడా ఆ షీటే బండికి సాక్ష్యం.

కంపెనీలను ఏం అడగాలి?

2023లో పిక్సెల్ 8కి, 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్స్ ఇస్తామని కంపెనీలు మాటిచ్చాయి. ఒకప్పుడు రెండేళ్లు ఇస్తే గొప్ప. కొనేవాళ్లు అడిగారు, రివ్యూలు రాసేవాళ్లు వదలకుండా గోల చేశారు, వచ్చింది. ఇప్పుడు పికప్‌లు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. 2022లో వచ్చిన మహీంద్రా బొలెరో మాక్స్ పికప్‌లో ఐమాక్స్ అనే కనెక్టెడ్ టెక్ పెట్టారు. బండి ఎక్కడుందో, ఎలా ఉందో ఫోన్‌లో చూసుకోవచ్చు. మంచిదే. కానీ పదేళ్ల తర్వాత ఆ సర్వర్ ఉంటుందా? సెన్సర్ దొరుకుతుందా? ఊళ్లో మెకానిక్‌కు స్కానింగ్ టూల్ ఇస్తారా?

కేంద్రం 2022లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో ఫోన్లతో పాటు వాహనాలు, వ్యవసాయ యంత్రాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఏడేళ్ల వాగ్దానం ఫోన్‌కు చాలేమో గానీ పికప్‌కు చాలదు. పార్టులు, సాఫ్ట్‌వేర్, రిపేర్ సమాచారం 15 ఏళ్లు ఇస్తామని కంపెనీలు రాసివ్వాలి. షోరూమ్‌లో టచ్‌స్క్రీన్ సైజు అడిగే ముందు ఇది అడగండి.

ఫైనల్‌గా

ఇంట్లోవాళ్లు "ఏ బండి తీసుకోవాలి" అంటే మూడు చూసి చెప్పండి: మోసే బరువుకు సరిపోయే మోడల్, పార్టులు ఆదిలాబాద్‌లోనే దొరికే బండి, చేతనైన మెకానిక్ దగ్గర్లో ఉన్న కంపెనీ. కొన్న రోజునే షీట్ ఓపెన్ చేసి ఓడోమీటర్ రీడింగ్ రాసేయండి. మిగతా 15 ఏళ్లు ఆ షీట్ నింపే బాధ్యత మీదే.