అలంకరణ చేపల ఎంపికకు మే నెల నీరే కొలత

అలంకరణ చేపల పెంపకంపై సలహా కోరిన వారికి జాతుల పట్టికను అందించడం పరిపాటి. ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు గల ప్రాంతానికి ఆ పద్ధతి చాలదు. మే నెల మధ్యాహ్నం తొట్టిలోని నీరు ఎన్ని డిగ్రీలకు చేరునో తెలుసుకొన్న తరువాతనే చేప పేరు చెప్పవలెను. పరభక్షక చేపల విషయంలో ఈ నియమం మరింత ముఖ్యము.

సమశీతోష్ణ మండలపు పరభక్షక చేపలకు రెయిన్‌బో ట్రౌట్ మంచి ఉదాహరణ. దానికి 10 నుండి 18 డిగ్రీల సెల్సియస్ నీరు హితము. 20 డిగ్రీలు దాటిన కొలది ఒత్తిడి పెరుగును. 25 డిగ్రీలు సమీపించిన ప్రాణాపాయము. ఈ ప్రాంతంలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులున్నవి. అట్టి రోజులలో గదిలోని తొట్టి నీరు సైతం 30 డిగ్రీలు దాటును. 15 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములే. అదే సమయంలో చేప శరీరక్రియలు వేగవంతమై ఆక్సిజన్ అవసరం పెరుగును. మాంసకృత్తులు అధికంగా గల మేత వలన వెలువడే అమ్మోనియా కూడా వేడి నీటిలో మరింత విషపూరితమగును.

శీతలీకరణ యంత్రముతో ఈ సమస్య తీరునని కొందరి వాదన. వేసవి ఈదురుగాలులకు విద్యుత్తు నిలిచే గ్రామాలలో ఆ యంత్రముపై ఆధారపడుట క్షేమము కాదు. మంచుగడ్డలు వేసి నీటిని ఒక్కసారిగా చల్లబరచుట చేపకు మరొక దెబ్బ.

సహచర చేపల ఎంపికకు మూడు పరీక్షలు చాలును: రెండింటికీ హితమైన ఉష్ణోగ్రత ఒకటేనా, ఒకటి మరొకదాని నోట పట్టునా, స్వభావములు పొసగునా? చల్లని నీటిని కోరే గోల్డ్‌ఫిష్‌ను, అమెజాన్ ప్రాంతపు ఆస్కార్‌తో కలిపి పెంచుట ఈ పరీక్షలలో నిలువదు. జలాశయాలకూ ఇదే తర్కము. ఏడాది పొడవునా నీరుండే జలాశయాలలో 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదలుటలో, అవి వాలుగ, కొర్రమీనుల నోట పడకుండా కాపాడుట ఒక ఉద్దేశ్యము.

పరభక్షక చేపనే పెంచదలచిన వారికి స్థానిక జాతులు సహజమైన ఎంపిక. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను నేరుగా గాలిని పీల్చగలదు, వేడిని తట్టుకొనగలదు. అయితే అది ఎగిరి దూకును గనుక మూత తప్పనిసరి. తన జాతి పిల్లలనే తినును గనుక సమాన పరిమాణము గల వాటినే కలపవలెను. చిన్న తొట్టికి మట్టగిడస మేలు. మీటరుకు పైగా పెరిగే వాలుగ ఇంటి తొట్టికి తగదు.

తొట్టిలో పొరపాటు తొట్టితోనే ముగియదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. అంతటి వరదలో గట్టు దాటిన చెరువుకూ నదికీ హద్దు మిగలదు. ట్రౌట్ మన వేసవికి నిలువకపోవచ్చును గాని, వేడిని ఓర్చే సక్కర్ చేప వంటి విదేశీ జాతులు నిలిచి విస్తరించగలవు. ఆ నష్టము మొదట పడునది వాగుల చేపలపై ఆధారపడిన కోయ కుటుంబాలపైననే. పెంపకము విరమించిన వారు చేపలను వాగులో వదలరాదని, అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వవలెనని విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి సలహాలోనూ చెప్పవలెను.

పాలేరు మత్స్య పరిశోధన కేంద్రం వంటి సంస్థల తోడ్పాటుతో విద్యార్థులు కొన్ని ఇళ్ల తొట్లలో తెల్లవారుజామున, మధ్యాహ్నం మూడు గంటలకు ఏడాది పాటు ఉష్ణోగ్రతను నమోదు చేయవచ్చును. అందుకు ఒక ఉష్ణమాపకము, ఒక నోటుపుస్తకము చాలును. ఆ లెక్కలు చేతికందిన నాడు జాతుల పట్టిక దానంతట అదే కుదించుకొనిపోవును. మిగిలిన పేర్లను మాత్రము నమ్మకముతో రైతుకు చెప్పగలము.