పేరున్న రివాల్వర్ కాదు, పేలే తుపాకి. అది కూడా కావాల్నా అని మొదలు అడుగుండ్రి

కామారెడ్డి, ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట దిక్కు రైతన్నలారా, ఈ పోస్టు పొడుగుంటది. మక్క చేనుకు కావలి పోయినంక మంచె మీద కూసోని చదివినా సరే. కోపమొస్తే కామెంట్ల తిట్టండి, గని సగం చదివి మాత్రం తిట్టకుండ్రి.

ఈ మధ్య నలుగురు కూసున్నకాడ ఒక ముచ్చట తరుచు వినబడుతున్నది. రోడ్డు పక్క భూమికి రేటొచ్చింది, ఎకరమో అరెకరమో అమ్మినోళ్ల చేతిల పైసలు ఆడుతున్నయి. ఇల్లు కట్టినరు, కారు కొన్నరు, ఇప్పుడు తుపాకి లైసెన్స్ మీద పడ్డరు. "అన్నా, పాత వెబ్లీ స్కాట్ రివాల్వర్ ఒకటి అమ్మకానికి ఉన్నదట, ఇంగ్లండ్ మాల్, మళ్ల దొరకది. లేకుంటే కాన్పూర్‌ది సస్తాల వస్తదట. ఏది తీసుకోవాలె?" అని అడుగుతున్నరు. ఎందుకు అంటే "పందులతోని సస్తున్నం గదా" అంటరు.

నా మాట సూటిగ చెప్త. రైతుకు తుపాకి అంటే గడ్డపార లెక్క, ట్రాక్టర్ లెక్క ఒక పనిముట్టు. పనిముట్టును పని చూసి కొనాలె, పేరు చూసి కాదు. అంగడిల ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తం, డెక్కలు చూస్తం, నాలుగడుగులు నడిపించి చూస్తం. కొమ్ములకేసిన రంగుకు పైసలియ్యం. తుపాకికొచ్చేసరికి ఆ తెలివి ఏడ పోతున్నది?

మొదలు ఆ పాత రివాల్వర్‌కు అంత ధర ఎందుకో చూద్దాం. అదేమన్న బంగారంతోని చేసిందా? కాదు. మన దేశంల మామూలు మనిషి బయటి దేశం నుంచి తుపాకి తెప్పించుకునుడు 1980ల్లనే బంద్ పెట్టిండ్రు. అంతకు ముందు వచ్చినయే చేతులు మారుతున్నయి. కొత్త మాల్ రాదు, అడిగేటోళ్లు తగ్గరు, ధర ఎక్కుతది. అంటే నువ్వు ఎక్కువిచ్చేది ఇనుముకు కాదు, దొరకకపోవుడుకు. గింజ ఒక్కటే అయినా కరువు కాలంల రేటు వేరే ఉంటది, గిది కూడా అంతే.

ఇంకో మాట విను. నువ్వు "సస్తాది" అని మూతి ముడుస్తున్న కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఉన్నదే, దాని తయారీ ఆ వెబ్లీ మార్క్ 4 నమూనా మీదనే నడిచింది. మధ్యల విరిచి గుండ్లు పెట్టే పద్ధతి కూడా అదే. 2014ల ఆడవాళ్ల కోసమని "నిర్భీక్" పేరుతోని తేలికది తెచ్చిండ్రు, అది కూడా ఆ వంశమే. తాత ఫోటోకు పూలదండేసి మనవనికి అన్నం పెట్టనట్టుంది మన తీరు. రెండిట్ల పడేది .32 గుండే. అదన్నా మనకు దొరికేది ఎక్కువగ మన దేశపు ఖడ్కీ ఫ్యాక్టరీ మాలే. తుపాకి బర్మింగ్‌హామ్‌ది, తూటా పుణెది! ఇగ ఆ బర్మింగ్‌హామ్ పేరు పందికి వినబడుతదా?

"పాతది గట్టిది అన్నా" అంటరు. గట్టిదే, చేసిన రోజు గట్టిదే. అరవై డెబ్బై ఏండ్ల స్ప్రింగ్, అరిగిన లాక్, సరిగ్గ నిలవని సిలిండర్. సిలిండర్ రంధ్రానికి బ్యారెల్‌కు వరుస తప్పితే గుండు అంచుకు గీసుకొని ముక్కలు పక్కకు ఎగురుతయి, పక్కన నీ కొడుకు నిలబడి ఉండొచ్చు. దానికి స్పేర్ పార్టు ఏడ తెస్తవు? పాత మోటారు చెడిపోతే కామారెడ్డిల వైండింగ్ చేసేటోడు దొరుకుతడు. పాత వెబ్లీ చెడిపోతే లైసెన్స్ ఉన్న తుపాకి మిస్త్రీకే ఇయ్యాలె, అసొంటోళ్లు ఎంతమంది ఉన్నరు?

ఇప్పుడు అసలు సంగతి, పంది. అది పగటీలి రాదు, మనకు కనబడేటట్టు రాదు. రాత్రి, మనిషెత్తు మక్కల నడుమ, మందగ వస్తది. రివాల్వర్ బ్యారెల్ మూడు నాలుగు అంగుళాలు. అలవాటు లేని చెయ్యి పదిహేను ఇరవై అడుగుల్ల కూడా గురి తప్పుతది. చీకట్ల, గాలికి ఊగే చేన్ల, ఉరికే పందిని దానితోని కొడ్తా అనేటోడు పందిని ఎన్నడూ చూడనోడే. తగిలినా సచ్చేటట్టు తగలది. గాయపడ్డ పంది తిరిగి మీదికొస్తే ఏమైతదో పోచారం అడవి పక్క ఊళ్లోళ్లను అడుగుండ్రి. రివాల్వర్ అనేది మనిషి మీదికి మనిషి పట్టుకునే ఆయుధం, చేనుకు కాదు.

ఈ తేడా చట్టానికి కూడా తెలుసు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌ల పంట రక్షణ అనే మాట సాఫ్ రాసి ఉన్నది. పంట కాపాడుకునుడుకు మజిల్ లోడర్, అంటే మన పెద్దలు బర్మారు అనే మూతి నుంచి మందు కూరే తుపాకి. అది సరిపోదని అధికారికి అనిపిస్తే వేరే సాదా నాళిక తుపాకి ఇయ్యొచ్చు. సింగిల్ బ్యారెల్ పన్నెండు బోరు అసొంటిదే. రివాల్వర్‌కు ఈ దారి లేదు, దానికి ప్రాణభయం లాంటి బలమైన కారణం వేరే చూపియ్యాలె. నీ ప్రాణానికి భయం ఎవని నుంచి? పంది పేరు చెప్పి రివాల్వర్ అడిగితే ఆఫీసర్ నవ్వుతడు, మధ్యల బ్రోకర్ మాత్రం పైసలు తింటడు.

కొందరు తెలివిగల్లోళ్లున్నరు. "ఇది పాత వస్తువు, కలెక్షన్ అన్నా, లైసెన్స్‌తోని పనేంది" అంటరు. జాగ్రత్త! అదే చట్టం 45వ సెక్షన్ ఏమంటదంటే, పాత కాలపు ఆయుధం అయినా సరే, రిపేర్ చేసినా చెయ్యకున్నా ఇంక ఎన్నడూ పేలనిదైతేనే మినహాయింపు. పేలితే అది తుపాకే, వందేండ్లదైనా తుపాకే. అంటే నిజమైన షోకు వస్తువు కావాలంటే పేలనిది కొని గోడకు పెట్టుకో, ఎవ్వడేమన్నడు. పేలేదైతే లైసెన్స్ కావాలె. లైసెన్స్ లేకుంట దొరికితే 2019 సవరణ తర్వాత తక్కువల తక్కువ రెండేండ్లు, ఐదేండ్ల దాక జైలు. అటకల మీద తాతల నాటి బర్మారు దాచుకున్నోళ్లు ఈ మాట రెండుసార్లు చదువుండ్రి.

"పెట్టుబడి అన్నా, ధర పెరుగుతది" అనే మాటకు వద్దాం. ధర పెరిగితే అమ్మాలె గదా? ప్లాటా ఇది, బోర్డు పెట్టి అమ్మనీకి? కొనేటోనికి కూడా లైసెన్స్ ఉండాలె. అమ్ముతున్ననని మేజిస్ట్రేట్‌కో పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలె. 2019 నుంచి ఒక్క మనిషికి మూడు తుపాకులు పోయి రెండే అయినయి, వారసత్వంగ వచ్చినా ఆ లెక్కలనే. అంటే కొనేటోళ్లు తగ్గిండ్రు. రేపు నువ్వు కన్ను మూస్తే నీ కొడుకుకు లైసెన్స్ రాకుంటే ఆ పెట్టుబడి స్టేషన్‌లనో డీలర్ కాడనో డిపాజిట్ అయితది. ఎలక్షన్ కోడ్ వస్తే సరేసరి, లైసెన్స్ తుపాకులు తెచ్చి ఠాణాల పెట్టుమంటరు. 2023 నవంబర్‌ల మన కామారెడ్డి ఎలక్షన్ దేశమంత చూసింది. అప్పుడు యాసంగి మక్క పెట్టే టైం. కోడ్ అని పంది ఆగిందా?

లెక్క కూడా చేద్దాం. నిర్భీక్ వచ్చినప్పుడు దాని ధర లక్షా 20 వేల పైన. ఆ "సస్తా" దేశీ మాల్ సంగతే ఇది. 2025-26కు సర్కారు చెప్పిన మక్క మద్దతు ధర క్వింటాలుకు 2,400. అంటే యాభై క్వింటాళ్ల మక్క. ఎకరానికి పాతిక పండినా రెండెకరాల పంట మొత్తం, ఖర్చు తియ్యకుంట. ఇగ పాత పేరున్నదాని ధర అమ్మేటోని నోట్ల ఎంతుంటే అంత. పందులు తినే పంటకంటే ఎక్కువ పంట ఆ రివాల్వరే తింటున్నది!

అసలు కారణం నాకు తెలుసు, మీకూ తెలుసు. పంది కాదు, ఇజ్జత్. పెండ్లిల నడుముకు కనబడాలె, నలుగురు జరిగి తొవ్వియ్యాలె. అన్నా, మన తాతల కాలంల గడీ గోడకు తుపాకి ఏలాడేది. దాన్ని చూసి చెప్పులు చేతిల పట్టుకొని నడిచినోళ్లు మన తాతలే. ఆ భయం పోవాలనే తెలంగాణల పేదోళ్లు బర్మార్లు పట్టుకొని కొట్లాడిండ్రు. ఇప్పుడు భూమి అమ్మి, ఆ పైసలతోని ఆ దొర గోడ మీది వస్తువునే కొని, దొర లెక్క నిలబడుడు ఇజ్జతా? భూమి ఉన్నప్పుడే రైతుకు ఇజ్జత్. భూమి పోయి తుపాకి మిగిలితే వాడు రైతు కాదు, వాచ్‌మన్.

"మరి నువ్వేమంటవు, సస్తాది కొనుమంటవా?" అంటే, రెండిట్ల ఒకటే కొనాలంటే సాదాదే కొను. పంట కోసమైతే రివాల్వర్ మాటే మర్చిపో, సింగిల్ బ్యారెల్ చాలు. కొత్తది, పార్టులు దొరికేది, తూటా దొరికేది. గీతలు పడ్డా బాధ లేనిది. ఖరీదైన పాతదాన్ని బీర్వాల పెట్టి గుడ్డతోని తుడుస్తవు, చేనుకు తీస్కపోవు. పనికి తీస్కపోని పనిముట్టు ఎందుకు?

గని సాదాది కొన్నా ఒకటి యాదుంచుకో. తుపాకి లైసెన్స్ వేరు, పందిని కొట్టే పర్మిషన్ వేరు. వన్యప్రాణి చట్టం 1972ది. అడవిపంది ఇదివరకు మూడో షెడ్యూల్‌ల ఉండె, సవరణ తర్వాత 2023 ఏప్రిల్ నుంచి రెండో షెడ్యూల్‌ల ఉన్నది. పంట నాశనం చేస్తుంటే 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగ పర్మిషన్ ఇయ్యొచ్చు. అది లేకుంట కొడితే తుపాకి ఎంత ఖరీదైనా కేసు ఒక్కటే. మన రాష్ట్రంల సర్పంచ్‌కు అధికారమిచ్చి, ఫారెస్టోళ్ల లిస్టుల ఉన్న షూటర్ తోని పందులను కొట్టించే ఏర్పాటు తెచ్చిండ్రు. 2022ల కేరళ కూడా పంచాయతీలకు ఆ అధికారమిచ్చింది. ఇంటికో తుపాకి కొనే కంటే ఊరంత కలిసి ఒక తీర్మానం రాసి ఒక షూటర్‌ను పిలిపిచ్చుడు ఎంత సస్తా! మన ఊళ్లల్ల ఎన్ని పంచాయతీలు ఆ కాగితం రాసినయి? మీ సర్పంచ్‌ను అడుగుండ్రి, నన్ను కాదు.

తుపాకి కంటే ముందు చేసేటియి కూడా ఉన్నయి. రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు ఏండ్ల నుంచి చెప్తనే ఉన్నరు. మక్క చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం దగ్గరగ పెట్టుమంటరు, ఆ వాసనకు పందికి మక్క వాసన అందది. పల్లి చుట్టూ కుసుమ పెడితే ముండ్లకు ఎనుకకు పోతది. మంగలి షాపు వెంట్రుకలు గట్టు పొడుగూత చల్లితే ముక్కుతోని కెలికే పందికి అవి లోపలికి పోయి తట్టుకోలేదు. సోలార్ ఫెన్సింగ్ పెడితే దెబ్బ తగులుతది గని పాణం పోదు, కరెంటు ఆగి ఆగి వస్తది కాబట్టి. పది మంది చేన్లు కలిసి ఉంటే చుట్టూ ఒకటే కంచె, ఖర్చు పంచుకోవచ్చు.

ఒక్కటి మాత్రం చెయ్యకుండ్రి, కాళ్లు మొక్కి చెప్తున్న. స్తంభం నుంచి డైరెక్ట్ వైరు గుంజి చేను చుట్టూ తీగ కట్టుడు. ఆ తీగకు పంది ఎవరో, తెల్లారంగ నీళ్లు పెట్టనీకొచ్చిన పక్క చేను తమ్ముడెవరో తెల్వది. మన ఊళ్లల్ల ఆ తీగ మీద పడ్డోళ్లు ఎవరు? దొంగలా? రైతులే, బర్రెలు కాసే పోరగాళ్లే. కొన్నిసార్లు ఆ తీగ కట్టినోడే. ఆ ఇండ్లల్ల ఇప్పుడు ఆడివిల్లలు ఎవుసం ఎట్ల చేస్తున్నరో చూసి రాండ్రి. ఒకడు లక్షలు పెట్టి పేరున్న రివాల్వర్ కొంటడు, ఇంకొకడు పైసలు లేక చావు తీగ కడతడు. ఇద్దరి నడుమ పంది మాత్రం హాయిగ తిని పోతున్నది. నా కోపం గీడ్నే ఉన్నది.

సర్కారును కూడా వదలను. పంది మీద మనం చెయ్యి చేసుకోవద్దంటే పంట నష్టం మీరు కట్టియ్యాలె. కట్టియ్యకుంటే పర్మిషన్ జల్ది ఇయ్యాలె. మక్క పాలు పోసుకునే పదిహేను రోజుల్ల పంది తింటది, పర్మిషన్ కాగితం కంకి ఎండినంక వస్తే దేనికి? 2023 జనవరిల మాస్టర్ ప్లాన్ మీద రైతులు కామారెడ్డి కలెక్టరేట్‌కు కదిలితే ఆ ప్లాన్ ఎనుకకు పోయింది. ఆ రోజు ఎవని చేతిల రివాల్వర్ లేదు. ఊళ్లకు ఊళ్లు కలిసి పోయినయి, గంతే.

కాబట్టి అన్నా, తమ్మీ, బయానా ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకో. ఇది నా చేన్ల పని చేస్తదా? చెడిపోతే బాగైతదా? దీని పైసలతోని కంచె, ఆముదం, బోరు మోటారు ఏమేమి వస్తయి? మూడిటికీ జవాబు దొరికినంక కూడా వెబ్లీయే కావాలంటే కొనుక్కో, నీ పైసలు నీ ఇష్టం. గని పంది పేరు చెప్పకు. షోకు అని చెప్పు, సరిపోతది.

గ్రామసభ పెట్టినప్పుడు పంది తీర్మానం అడుగుండ్రి. ఈ పోస్టు మీ ఊరి వాట్సాప్ గ్రూపుల వెయ్యుండ్రి. జై కిసాన్.